జోడీ లేని చుక్క

నిఖిత అనే ఆ పిల్ల మొన్న ఆదివారం ఛత్రినాకలోని మా ఇంటికి వచ్చినప్పుడు చెప్పులు విడవకుండా నట్టింట్లోకి నడిచి వచ్చింది. అందువల్ల మొదటి పావుగంట నాకు ఆమె నచ్చలేదు. తర్వాత నచ్చింది, ఎందుకంటే చాయ్‌లో చక్కెర తక్కువైందని మొహమాటం లేకుండా చెప్పింది. గెలాక్సీల మీద, పేలిపోయే నక్షత్రాల మీద పరిశోధన చేస్తోందట. నేను ముప్పై ఏళ్ళు పనిచేసిన ఆఫీసులో పాత గాజు ప్లేట్లన్నిటినీ ఇప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారని, ఆ సందట్లో ఒక బీరువా అడుగున పాత రిజిస్టర్లు దొరికాయని చెప్పి, ఫోను తీసి ఒక పేజీ ఫొటో నా ముందు పెట్టింది. అద్దాలు పెట్టుకుని చూశాను. నా చేతిరాతే. ఒక ప్లేటు నంబరు, దాని పక్కన ఇంగ్లీషులో "విశేషం ఏమీ లేదు" అని ఒక వరుస. దాని కింద వేరే సిరాతో, వేరే తారీఖుతో ఇంకో వరుస: "ఈ ప్లేటు మీద కొత్త చుక్కను ఆ రోజే చూశాను. చెప్పలేదు." కింద నా సంతకం.

"చూసి గూడ ఎందుకు చెప్పలే ఆంటీ?" అని అడిగింది.

ఇన్నేళ్ళుగా ఎవరు అడిగినా చెప్పే కథే ఆమెకూ చెప్పాను. మా బాపు ముత్యాల జోడీలు కలిపే మనిషి అనీ, జోడీ దొరకని ముత్యం గురించి బయట మాట్లాడకూడదనేది ఆయన నియమమనీ, ఆ నియమం ప్రకారమే నన్నూ నోరు మూసుకొమ్మన్నాడనీ, అట్లా నా చుక్క చేజారిపోయిందనీ. పిల్ల చప్పట్లు కొట్టినంత పని చేసింది. "అయ్యో ఆంటీ, మస్తుంది! నేను ఒక వ్యాసం రాస్తున్న, అండ్ల పెట్టుకోనా? ముత్యాల తాత అని?" అంది. పెట్టుకోమన్నాను. ఆమె పోయాక పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. నేను చెప్పింది అబద్ధం కాదు. అట్లాగని నిజమూ కాదు. ఇంట్లో నలుగురికీ చెప్పుకునే మాట వేరు, అచ్చులోకి పోయే మాట వేరు. మిగతా సగం ఇప్పుడు రాయకపోతే ఇక నాతో కాదు.

మా బాపు చార్మినార్ దగ్గర ఒక సేటు గారి ముత్యాల దుకాణంలో పనిచేసేవాడు. వచ్చిన సరుకును తెల్లబట్ట మీద పోసుకుని, రంగు, మెరుపు, గుండ్రదనం చూసి, కమ్మల జతకు సరిపోయే రెండేసి ముత్యాలను పక్కపక్కన చేర్చడం ఆయన పని. వినడానికి ఇంతే. కూర్చుంటే తెలుస్తుంది. మనకు అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఆయనకు ఒకదాంట్లో గులాబి, ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో పాలు విరిగిన రంగు కనిపించేవి. ఆ కళ్ళను కాపాడుకోవడానికి ఆయన పెట్టిన హింస ఇంతా అంతా కాదు. పొద్దున్నే రాగిచెంబులో నీళ్ళతో కళ్ళు కడుక్కుని, దుకాణం చేరేదాకా మెరిసే వస్తువు ఏదీ చూసేవాడు కాదు. అమ్మ పొయ్యి ముందు కూర్చుంటే ఆయన గోడవైపు తిరిగి జొన్నరొట్టె తినేవాడు. స్టీలు పళ్ళేలు బోర్లించి ఉండాలి. "ఈ ఇంట్ల పళ్ళేలకు గూడ పరదా!" అని అమ్మ గొణిగేది. శాలిబండ మీదుగా నడిచిపోయేటప్పుడు నీడ ఉన్న పక్కనే, తల వంచుకుని నడిచేవాడు. ఎదురొచ్చి ఆదాబ్ అన్నవాళ్ళకు నేల చూస్తూనే జవాబు చెప్పేవాడు. దాంతో మా వాడకట్టులో ఆయనకు పొగరుబోతు అని పేరు. పాపం, ఆయనంత మెత్తటి మనిషి ఆ గల్లీలో ఇంకొకరు లేరు.

మధ్యాహ్నం దాటితే జోడీ కలిపేవాడు కాదు. "ఎలుగు పండింది ఇగ" అని బట్ట మడిచేసేవాడు. పొద్దుటి వెలుతురు పచ్చిగా, తెల్లగా ఉంటుందని, ఎండ ముదిరాక ప్రతి ముత్యమూ అబద్ధం చెబుతుందని ఆయన లెక్క. సెలవురోజు పొద్దున సేటు నమ్మకంగా ఇచ్చిన చిన్న సరుకును రుమాలులో కట్టుకుని ఇంటికి తెచ్చి, అరుగు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆయన అత్తరు పూసుకోడు కానీ, ఆ దుకాణాల మధ్య రోజంతా కూర్చోవడం వల్ల ఆయన చొక్కాకు ఎప్పుడూ ఊదు పొగ, అత్తరు కలిసిన వాసన ఉండేది. ఆ వాసనలో నేను నేర్చుకున్నాను. "ఒక్కొక్కటి చూడకు బిడ్డా, కండ్లు గుంజుతయి. మొత్తం బట్టను చూడు. జోడీ లేనిది అదే లేశి నిలవడ్తది" అనేవాడు. ఎట్లా నిలబడుతుందో చెప్పలేను. నిలబడేది. అట్లా మిగిలిన ఒంటి ముత్యాన్ని అమ్మరు, పారెయ్యరు. ఒక రేకు డబ్బీలో వేసి మూత పెడతారు. దాని గురించి బజారులో ఎవరితోనూ అనరు. "మనం ఎతుకుతున్నమని తెలిసిందనుకో, ఆగమే. జోడీ ఉన్నోడు రేటు పెంచుతడు. జోడీ దొరికినాడు చూపియ్యాలె, అప్పటిదాంక నోరు కుట్టుకోవాలె" అనేవాడు. కొన్ని ముత్యాలు ఆ డబ్బీలో పదేళ్ళు కూడా కూర్చున్నాయి. ముత్యానికి ఏం ఫికర్, కూర్చుంటుంది.

నేను బీఎస్సీ పూర్తిచేసిన ఏడాది, ఊళ్ళో ఉన్న నక్షత్రాలను పరిశోధించే ఒక వేధశాల ఆఫీసులో ప్లేట్లు చూసే పనికి ఆడపిల్లలను తీసుకుంటున్నారని తెలిసింది. టెలిస్కోపు ఊరికి దూరంగా గుట్ట మీద ఉండేది. అది ఒకేసారి ఆకాశంలో చాలా పెద్ద ముక్కను ఫొటో తీసేది. మనం అరచెయ్యి చాపి అడ్డం పెడితే ఎంత ఆకాశం మూసుకుపోతుందో అంత. ఆ ఫొటో కాగితం మీద కాదు, గాజు పలక మీద పడేది. చంద్రుడు లేని రోజుల్లో తీసిన పలకలను చెక్కపెట్టెలో గడ్డి పరిచి జీపులో ఊళ్ళోకి తెచ్చేవాళ్ళు. ప్రతి నెలా అవే గెలాక్సీల గుంపులను తీసేవాళ్ళు. ఎందుకంటే ఎప్పుడో ఒకసారి, ఏదో ఒక గెలాక్సీలో ఒక నక్షత్రం పేలిపోతుంది. పేలినప్పుడు కొన్ని వారాలు ఇల్లంతా తనదే అన్నట్టు వెలిగి, మెల్లగా ఆరిపోతుంది. పోయిన నెల ప్లేటులో లేనిది ఈ నెల ప్లేటులో ఉందేమో చూడటమే మా పని.

ప్లేట్ల గదికి పెద్ద ఖాదర్ సాబ్. సన్నగా, పొడుగ్గా, మండుటెండలో కూడా మెడదాకా గుండీలు పెట్టుకున్న కోటుతో ఉండేవారు. ఇంటర్వ్యూకి పోయిన రోజు నన్ను ఒక్క ప్రశ్నా అడగలేదు. కింద నుంచి దీపం వెలిగే బల్ల మీద ఒక పాత ప్లేటు, దాని మీద ఒక కొత్త ప్లేటు, నాలుగు మూలలా కాగితం ముక్కలు అడ్డం పెట్టి, కొద్దిగా పక్కకు జరిపి పెట్టారు. గాజు మీద ఆకాశం తిరగబడి ఉంటుంది: తెల్లటి మైదానం, నల్లటి చుక్కలు. రెండు ప్లేట్లు అట్లా జరిపి పెడితే ప్రతి చుక్క పక్కనా దాని జోడీ కనిపిస్తుంది. "ఇండ్ల ఒకదానికి జోడీ లేదు. ఎతుకు తల్లీ" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయన కుర్చీలో కూర్చునే లోపల వేలు పెట్టి చూపించాను. ఖాదర్ సాబ్ కూర్చోబోయినవారు మళ్ళీ లేచారు. "మీ వాల్దు ఏం పని చేస్తరు?" అని మా నాయన గురించి అడిగారు. చెప్పాను. "అచ్ఛా, గట్ల చెప్పు" అన్నారు. ఆర్నెల్లకు టెంపరరీగా తీసుకున్నారు. ఆర్నెల్ల తర్వాత నా కన్ను నమ్మదగిందని ఆయన ఒక కాగితం మీద రాస్తే ఉంటాను, లేకపోతే ఇంటికే. నాకు ముందు పనిచేసిన అమ్మాయి లేనివి ఉన్నట్టు చెప్పి చెప్పి, ఆ కాగితం లేకుండానే వెళ్ళిపోయింది.

నక్షత్రాల పని అంటే చీకట్లో ఆకాశం చూడటం అనుకుంటారు అందరూ. నేను ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్ళూ పొద్దున తొమ్మిదిన్నర బస్సుకు పోయి, సాయంత్రం ఐదున్నర బస్సుకు వచ్చాను. నా నక్షత్రాలన్నీ పట్టపగటివే. ఆ గదికి ఫొటోలు కడిగే మందు వాసన, పాత చెక్క వాసన, పక్కసీటులో కూర్చునే పద్మక్క డబ్బాలోని చింతకాయ తొక్కు వాసన ఉండేవి. పద్మక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, పర్మనెంటు మనిషి, నోరు పెద్దది. రోజూ ఇంటికి పోగానే బాపు అడిగేవాడు: "ఎన్ని చూసినవ్ ఇయ్యాల?" చెప్పేదాన్ని. "ఏమన్న లేశి నిలవడ్డదా?" లేదనేదాన్ని. ఆకాశం కూడా తన పని లాంటి పనేనని ఆయనకు ఎంత గర్వమో. దుకాణంలో అందరికీ చెప్పాడట, మా బిడ్డ ఆస్మాన్ జోడీలు కలుపుతది అని.

రెండో నెలలో అనుకుంటా, నా మేనమామ బిడ్డ పెళ్ళయింది. మూడు రోజులు పసుపు దంచి, నలుగు పెట్టి, గోళ్ళలో పసుపు ఇంకిన చేతులతోనే పనికి పోయాను. ఆ రోజు ఒక గెలాక్సీ పక్కన నల్లటి చుక్క లేచి నిలబడింది. జోడీ లేదు. "సార్!" అని ఆఫీసు అదిరేట్టు కేకేశాను. గదిలోవాళ్ళంతా లేచి వచ్చారు. ఖాదర్ సాబ్ వంగి చూసి, భూతద్దం పెట్టి చూసి, స్పిరిటులో తడిపిన మెత్తటి గుడ్డతో గాజును ఒక్కసారి తుడిచారు. నక్షత్రం గుడ్డకు వచ్చేసింది. పచ్చగా ఉంది. పద్మక్క నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది. "కొత్త నక్షత్రానికి లగ్గమైందే! పసుపు గూడ పెట్టుకొని వచ్చింది!" అంది. గదంతా ఒకటే నవ్వు. ఖాదర్ సాబ్ మాత్రం నవ్వలేదు. "అమ్మా, ఇంకోసారి గిట్ల కావొద్దు" అన్నారు మెల్లగా. అరిచినా బాగుండేది. ఆ రోజు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. చాలా రోజులదాకా పద్మక్క నేను రాగానే "ఏం పెండ్లికూతురా, ఇయ్యాల ఏ చుక్కకు నలుగు?" అని పలకరించేది. ఆమెకు అది సరదానే. నేను మాత్రం ముందు నా గోళ్ళు చూసుకుని, తర్వాతే కుర్చీలో కూర్చునేదాన్ని.

నాలుగో నెల చివర, ఎండలు ముదిరిన రోజుల్లో, అసలుది వచ్చింది. కోలగా, అంచులు పొగ తేలినట్టున్న ఒక గెలాక్సీ; దాని చివరన ఒక చుక్క. చిన్నదే. పోయిన నెల ప్లేటులో అక్కడ ఖాళీ. ముందు నా చేతులు చూసుకున్నాను. తర్వాత గుడ్డ తీసుకుని గాజు తుడిచాను. పోలేదు. మళ్ళీ తుడిచాను. భూతద్దం పెట్టి చూశాను. గాజు మీద పడిన మచ్చ అంచులు కోసినట్టు ఉంటాయి. ఇది పక్కనున్న నక్షత్రాల్లాగే గరుకు గరుకుగా, మెత్తటి అంచులతో ఉంది. పద్మక్క వైపు చూశాను. ఆమె తొక్కు డబ్బా మూత తీస్తోంది. ఖాదర్ సాబ్ తన బల్ల దగ్గర ఏదో రాసుకుంటున్నారు. లేచి నిలబడ్డాను కూడా. ఏమన్నా మందు కారి పడిన మచ్చయితే? మళ్ళీ గదంతా నవ్వితే? ఇంకా రెండు నెలలే ఉన్నాయి, ఆ కాగితం రాయకపోతే? మళ్ళీ కూర్చున్నాను. రిజిస్టర్ తెరిచి, నంబరు రాసి, "విశేషం ఏమీ లేదు" అని రాశాను. అక్షరాలు ఎంత గుండ్రంగా పడ్డాయో నిఖిత ఫోనులో చూస్తే తెలిసింది.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు సెలవు. పొద్దున బాపు అరుగు మీద బట్ట పరుచుకుని కూర్చున్నాడు. పోయి పక్కన కూర్చుని అడిగాను.

"బాపు, ఒక చుక్క లేశి నిలవడ్డది."

ఆయన చేతిలోని ముత్యం కింద పెట్టేశాడు. "నిజమా! మీ సార్‌కు చెప్పినవా?"

"లే. ఒక్క ప్లేటు మీదనే ఉన్నది. జోడీ లేదు. వచ్చే నెల ప్లేటొస్తె అండ్ల గూడ ఉంటదో ఉండదో. నువ్వైతే ఏం చేస్తవ్ బాపు?"

"మేమైతే జోడీ దొరికేదాంక చెప్పం బిడ్డా. డబ్బీలేసి మూతవెడ్తం."

"మరి నేను గూడ ఆగాల్నా?"

"ఆగు. ఏం తొందర? వచ్చే నెల జోడీ తోని చూపియ్యి. ఒక్కడు నవ్వడు" అన్నాడు.

నా ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

తర్వాతి నెల గుట్ట మీద మబ్బులు పట్టాయి. పెట్టెలు ఖాళీగా వచ్చాయి. బాపు రోజూ అడుగుతూనే ఉన్నాడు, "జోడీ వచ్చిందా?" అని. రాలేదు. ఇంతలో ఒక పొద్దున పోస్టు మనిషి టెలిగ్రాం తెచ్చాడు. ఎక్కడో వేరే దేశంలో ఎవరో ఫలానా గెలాక్సీలో పేలిన నక్షత్రాన్ని చూశారు, ఇప్పటికే వెలుగు పూర్తిగా ఎక్కి దిగుముఖం పట్టింది అని అందులో సంగతి. ఖాదర్ సాబ్ అంకెలు చదువుకుని, "గీ జాగ మన ప్లేట్లల్ల ఉండాలె గదా" అంటూ బీరువా దగ్గరకు పోయారు. ఆయన ఏ ప్లేటు తీస్తారో నాకు తెలుసు. ఆయన బల్ల మీద పెట్టి వంగారు. "యా అల్లా" అన్నారు, తనకు తాను చెప్పుకున్నట్టు. తర్వాత రిజిస్టర్ తెరిచారు.

"అమ్మా వినోదా. గీ ప్లేటు నువ్వే చూసినవా?"

"అవును సార్."

"విశేషం లేదని రాసినవ్. కనవడలేదా?"

కనబడలేదు అంటే నా కన్ను పనికిరాదు. కనబడింది అంటే రిజిస్టర్‌లో అబద్ధం రాశాను. ఎటు చూసినా ఇంటిదారే. పద్మక్క కూడా మాట్లాడటం ఆపి నా వైపే చూస్తోంది. అప్పుడు నా నోటి నుంచి ఆ మాట వచ్చింది.

"కనవడ్డది సార్. మా బాపు చెప్పొద్దన్నడు."

చెప్పాను, డబ్బీ గురించి, జోడీ గురించి, అంతా చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. ఖాదర్ సాబ్ తిట్టలేదు. టెలిగ్రాం మడిచి జేబులో పెట్టుకుని, "గా చుక్క ఎలుగు పైకెక్కేటప్పుడు దునియాల చూసిన మనిషివి నువ్వొక్కదానివే తల్లీ. ఆ దినం చెప్తె నేను పది మందికి కబురు పంపేటోణ్ణి. పెద్ద పెద్ద దూర్బీన్లు దాన్నే చూస్తుండె" అన్నారు. ఆ గదిలో ఒక నియమం ఉండేది, రాసింది కొట్టెయ్యకూడదు, తప్పయితే కింద కొత్త వరుస రాయాలి అని. కలం నా చేతికిచ్చి ఆ రెండో వరుస రాయించారు. మిగతా సంగతి పొద్దున మాట్లాడదాం అన్నారు. అంటే ఏమిటో నాకు అర్థమైంది.

ఇంటికి పోయి చెబితే అమ్మ నెత్తి కొట్టుకుంది. తెల్లవారి బాపు దుకాణానికి పోలేదు. పెళ్ళిళ్ళకు వేసుకునే తెల్లచొక్కా వేసుకుని, నాతో పాటు బస్సెక్కాడు. ఆ మనిషి అప్పటిదాకా ఏ ఆఫీసు గడపా తొక్కలేదు. ఖాదర్ సాబ్ బల్ల ముందు చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

"తప్పు నాది సాబ్. పిల్లది పెద్దోని మాట ఇన్నది, గంతే. మా ముత్యాలు ఆగుతయి, గవి ఆగవని నాకు ఎర్కలే. మీరు శిక్ష ఎయ్యాలంటే నాకెయ్యుండ్రి. దాని కన్ను మంచిది సాబ్. నాకంటె మంచిది."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఖాదర్ సాబ్ గాభరాగా లేచి వచ్చి ఆయన చేతులు కిందికి దించారు. కుర్చీ వేశారు, చాయ్ తెప్పించారు. తర్వాత ఆ ప్లేటును బల్ల మీద పెట్టి, కొంచెం జరిపి పాత ప్లేటును పెట్టి, చూడమన్నారు. బాపు వంగి, మొత్తం గాజును ఒకసారి చూసి, వేలితో ముట్టుకోకుండా గాలిలోనే చూపించాడు. "గిదే గదా సాబ్? ఎంత మంచిగుంది" అన్నాడు. ఇద్దరూ గంటసేపు ముత్యాల గురించి, వెలుతురు గురించి మాట్లాడుకున్నారు. బాపు ఎంత సంతోషంగా వెళ్ళాడో. గేటు దాకా ఖాదర్ సాబే స్వయంగా పోయి సాగనంపారు.

తిరిగి వచ్చి నా బల్ల ముందు ఆగారు. "మీ బాపు మంచి మనిషి" అన్నారు. "నిన్ను తీసెయ్యను. కాగితం రాస్త. మగర్ ఒక్క మాట అడుగుత, జవాబు చెప్పకు. గీ రిజిస్టర్ల విశేషం లేదని నువ్వు రాసిన దినం, మీ బాపు నీ పక్కన ఉన్నడా?"

జవాబు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పలేదు. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు. ఆర్నెల్లు నిండగానే కాగితం రాశారు. అందులో నా కన్ను గురించి రాశారు కానీ నా నోటి గురించి రాయలేదు. ఆ కాగితం మీదే పెన్షన్ దాకా నడిచాను. ఇద్దరు తమ్ముళ్ళను చదివించాను, ఈ ఇల్లు కట్టాను. ఆ తర్వాత అనుమానం వచ్చిన ప్రతి మచ్చనూ ఆ క్షణమే కేకేసి చెప్పాను. దుమ్ము, గీతలు, మందు మరకలు, దారినపోయే గ్రహశకలాలు. ఎంత నవ్వినా లెక్కచెయ్యలేదు. ఒక్కటీ పేలిన నక్షత్రం కాలేదు. నా వంతుకు ఆకాశం ఒక్కటే ఇచ్చింది. అది వచ్చిన రోజు నేను తలవంచుకుని గుండ్రటి అక్షరాలు రాసుకుంటూ కూర్చున్నాను.

నిఖిత పోయే ముందు తన లాప్‌టాప్‌లో వాళ్ళ పని చూపించింది. ఎక్కడో కొండ మీద ఉన్న టెలిస్కోపు కొద్ది రోజుల్లో ఆకాశమంతా చుట్టేస్తుందట. పాత ఫొటోను కొత్త ఫొటోలోంచి కంప్యూటరే తీసివేస్తుందట. మిగిలిన ప్రతి చుక్కనూ నిమిషంలో లోకమంతా చాటేస్తుందట. తెర మీద అవి పుట్టలోంచి చీమల్లా వస్తూనే ఉన్నాయి. "ఇవన్నీ నిజంగ పేలినవేనా?" అని అడిగాను. "ఎక్కడ ఆంటీ, చానా మట్టుకు చెత్తనే. అయితే ఏంది, తర్వాత చూసుకుంటం" అంది. నాకు ఆ యంత్రం వేగం చూసి అసూయ కలగలేదు. దాని సిగ్గులేనితనం చూసి కలిగింది. వెయ్యిసార్లు తప్పు చెప్పినా దాన్ని పెండ్లికూతురా అని పిలిచేవాళ్ళు లేరు. ఛత్రినాక నుంచి వచ్చిన టెంపరరీ పిల్లకు రెండోసారి తప్పు చెప్పే హక్కు ఉందని అప్పట్లో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇది సాకు కాదు, ఎట్లా జరిగిందో చెబుతున్నానంతే. అరుగు మీద బాపు పక్కన కూర్చున్నప్పటికే రిజిస్టర్‌లో అబద్ధం రాసేసి ఉన్నాను. సలహా కోసం పోలేదు నేను. ఆయన ఏమంటాడో తెలిసే పోయాను. నిన్న నిఖితకు ఫోను చేసి, ఇది చదివేదాకా వ్యాసం ఆపమన్నాను.

బాపు ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఇంటికి ఎవరు వచ్చినా, "నా మాట ఇని నా బిడ్డ ఒక చుక్కను పోగొట్టుకున్నది" అని చెప్పేవాడు. నేను వంటింట్లో వింటూ చాయ్ వడపోసేదాన్ని. చెబుదామనుకున్న రోజులు లేకపోలేదు. ఖాదర్ సాబ్ పోయిన రోజు అనుకున్నాను. పెన్షన్ కాగితాలు వచ్చిన రోజు అనుకున్నాను. చివరి నెలల్లో బాపుకు చూపు పూర్తిగా పోయింది. మంచంలో పడుకుని, నేను అన్నం తినిపిస్తుంటే ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నీ చుక్కను నేనే పోగొట్టిన బిడ్డా. ఇన్నేండ్లాయె, నువ్వు ఒక్కనాడు నన్నొక మాట అనకపోతివి. మాఫ్ చేసినవా?"

ముద్ద చేతిలోనే ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"చేసిన బాపు" అన్నాను.